నానమ్మ చెప్పిన రిజల్టు

మలికిపురం,
14 జూన్ 2022, మంగళవారం.

అమ్మకి,

పింకీ రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేను, నానమ్మ, ఎలీషా బాబాయి వాళ్ళు అందరం కులాసా. నాన్న కొబ్బరికాయల లోడుతో పాట్నా వెళ్ళారు. ఫోన్ చేస్తే లారీ హారన్ తప్ప ఏమీ వినపడదు.

ఫోన్ ఉండగా ఈ కాగితం ఏమిటని నవ్వుతావు. మీ మేడం నీకు ఫోన్ ఇచ్చేది శుక్రవారం ఒక్కరోజే. ఆ రోజు నువ్వు చేసేసరికి నానమ్మ "స్పీకర్ పెట్టవే, నేనూ వింటాను" అని పక్కన చేరుతుంది. అటు బాబాయి, ఇటు పిన్ని. అంతమంది మధ్య "బాగానే రాశాను" తప్ప నాకు ఇంకో మాట రాదు. అందుకని కాగితం మీద రాసి ఫొటో తీసి పెడుతున్నాను. శుక్రవారం ఫోన్ చేతికొచ్చాక తీరుబడిగా చదువుకో. నువ్వు కూడా అలాగే రాసి పెట్టు. ముందే పంపుదామనుకున్నాను గానీ జిల్లా పేరు గొడవలని ఇక్కడ నెట్ ఆపేశారు, ఈ మధ్యనే వచ్చింది.

ఇంతకీ చెప్పాలనుకున్నది పరీక్షల గురించి. అమ్మా, ఫిజిక్స్ ఎలా రాశానో నాకే తెలీదు. ప్రశ్నలన్నీ ఎక్కడో చూసినట్టే ఉన్నాయి, ఎక్కడో గుర్తు రాలేదు. నీకు తెలుసుగా, టెన్త్‌లో కరోనా అని పరీక్షలు రద్దు చేసి అందర్నీ పాస్ చేసేశారు. ఫస్టియర్‌లోనూ అదే. హాల్లో మూడు గంటలు కూర్చుని పెద్ద పరీక్ష రాయడం నాకిదే మొదలు. గంట గడిచేసరికి వేళ్ళు కొంకర్లు పోయాయి. ముందు బెంచీ అమ్మాయి అడిషనల్ పేపర్ అడిగినప్పుడల్లా నేను నా ఖాళీ పేజీలు లెక్కపెట్టుకున్నాను.

క్లాసులన్నీ బాబాయి ఫోన్‌లో విన్నానా, బాబాయి కాయ దింపించడానికి వెళ్తే ఫోన్ కూడా వెళ్ళిపోయేది. అలా సగం ఫిజిక్స్ కొబ్బరి తోటలోనే ఉండిపోయింది. సెకండియర్‌లో కాలేజీ తెరిచాక మా లెక్చరర్ మొదటిరోజే "మీరు పాసయిన బ్యాచ్ కాదమ్మా, పాస్ చేయించిన బ్యాచ్" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక మాత్రం అదే మాట చెవిలో తిరిగింది.

వీరవేణి తెలుసుగా, అంతర్వేది వైపు నుంచి బస్సులో వచ్చేది, వాళ్ళ నాన్నకి పడవ ఉంది. తను "తప్పితే రొయ్యల షెడ్డుకి పోతాను, నువ్వూ రా, ఇద్దరం కబుర్లు చెప్పుకుంటూ వలుద్దాం" అంటోంది. దానికి దేనికీ భయం లేదు. నాకు అన్నిటికీ భయమే.

ఇవన్నీ నానమ్మతో అనకు. నువ్వు వేళకి తిను.

నీ కూతురు,
పింకీ.


కువైట్,
17 జూన్ 2022, శుక్రవారం.

మా పింకీ తల్లికి మీ అమ్మ హేమ ముద్దులతో రాయునది,

ప్రభువు కృప వల్ల బాగానే ఉన్నాను. నీ కాగితం మన తెలుగువాళ్ళ ప్రార్థన ఫెలోషిప్‌కి వెళ్ళే వ్యాన్‌లో చదువుకున్నాను. నీ చేతిరాత చూసి ఎన్నాళ్ళయిందే. గుండ్రంగా ఉండేది, ఇప్పుడు కోడి గీకినట్టు అయిపోయింది. అది చూస్తే నువ్వు చెప్పింది నిజమేలే, చెయ్యి మర్చిపోయింది.

పరీక్ష సంగతి మాత్రం నాకు చెప్పకు. టెన్త్‌లో ఇదే ఏడుపు, ఫస్టియర్‌లో ఇదే ఏడుపు. రెండుసార్లూ పాసయ్యావు. ఎవరు చేయించారో, ఎలా చేయించారో మనకెందుకు? పై నుంచి వచ్చిందాన్ని పుచ్చుకోవాలి. నేను తొమ్మిదితో ఆపేసినదాన్ని. నాకు ఆ మాత్రం చేయించేవాళ్ళు కూడా లేకపోయారు.

ఇక్కడ ఎండకి కిటికీ అద్దం ముట్టుకుంటే చురుక్కుమంటోంది. మేడం పిల్లలకి సెలవులు. పొద్దుటి నుంచీ ఇల్లు తిరగేస్తున్నారు, నేను సర్దుతున్నాను, వాళ్ళు మళ్ళీ తిరగేస్తున్నారు. చిన్నదానికి నీ పోలిక ఉంది. అలుగుతుంది, మూల కూర్చుంటుంది, అన్నం పెడితే అలక పోతుంది.

ఒక మాట నీతోనే చెబుతున్నాను, నానమ్మకి కూడా చెప్పలేదు. నేను ఇక్కడ ఉండడానికి కావలసిన కాగితం, అకామా, జూలై మధ్యలో అయిపోతుంది. మళ్ళీ కొట్టిస్తే ఇంకో ఏడాది. ఈసారి వద్దనుకుంటున్నాను. ఇరవైలో రావలసినదాన్ని, విమానాలు ఆగిపోయి ఉండిపోయాను. తర్వాత నీ చదువని ఉండిపోయాను. నువ్వు ఈ పరీక్ష గట్టెక్కి నర్సింగ్‌లో చేరావంటే నేను వచ్చిన పని అయిపోయినట్టే. పాసయ్యానని ఒక్క ముక్క చెప్పు, పెట్టె సర్దేసుకుంటాను. రాత్రి పడుకునేముందు ఇదే ఆలోచన. మన వంటింట్లో నువ్వు పీట మీద కూర్చుని ఉంటావు, నేను దోసెలు వేస్తూ ఉంటాను. ఇంకేమీ జరగదు. అంతే ఆలోచన.

భయపడకు. నానమ్మ మోకాళ్ళకి నూనె రాయి.

ఇట్లు,
మీ అమ్మ.


కువైట్,
24 జూన్ 2022, శుక్రవారం.

నా బంగారానికి,

ఏమే దొంగా. భయం భయం అని రాసి నా చేత వారమంతా ప్రార్థన చేయించావు. ఇవాళ ఫోన్ చేస్తే మీ నానమ్మ ఎత్తి, "హేమా, రిజల్టు వచ్చేసిందమ్మా, పిల్ల పాసైపోయింది, మనం ఊరికే కంగారు పడ్డాం" అంది. నిన్ను పిలవమంటే "స్నానం చేస్తోంది, సిగ్గు పడుతోంది" అంది. నీకు నా దగ్గర సిగ్గేమిటే?

ఫోన్ పెట్టేసరికి ఫెలోషిప్‌లో పాటలు మొదలయ్యాయి. దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యాలు ఎవరైనా చెబుతారా అంటే లేచి నిలబడ్డాను. మాట్లాడుతూ మాట్లాడుతూ ఏడ్చేశాను. మా అమ్మాయి ఇంటర్ పాసైంది, నర్సు అవుతుంది, నేను ఇంటికి పోతున్నాను అని అందరిలో చెప్పేశాను. తర్వాత ఒకావిడ, పెద్దాసుపత్రిలో నర్సు, వచ్చి నా చెయ్యి పట్టుకుంది. అలాంటావిడ నా చెయ్యి పట్టుకోవడం అదే మొదలు.

మేడంకి కూడా చెప్పేశాను, ఖలాస్, వెళ్ళిపోతున్నానని. ఆవిడ మూతి ముడుచుకుని, అకామా గడువు దాకా ఆలోచించుకో అంది. ఆలోచించేదేముంది?

ఇక విను. జూలై పదో తారీకు ఆదివారం మనింట్లో కృతజ్ఞత కూడిక. మన చర్చి నతానియేలు అయ్యగారికి ఫోన్ చేసి మాట తీసుకున్నాను. సంఘమంతటికీ భోజనాలు. చికెన్ పలావు, పెరుగు చట్నీ, కిళ్ళీ. బాబాయిని సెంటర్లో ఫ్లెక్సీ కట్టించమన్నాను. అందరి పిల్లలకీ కట్టారు, నా పిల్లకి కట్టరా? నువ్వు లేచి సాక్ష్యం చెప్పాలి. దిక్కులు చూడకుండా గట్టిగా చెప్పు.

నర్సింగ్ కాలేజీ వాళ్ళు మార్కుల మెమో అడుగుతారట. రాగానే ఫొటో పెట్టు. ఆ నర్సమ్మకి చూపిస్తాను.

మీ అమ్మ.


మలికిపురం,
28 జూన్ 2022, మంగళవారం.

అమ్మకి,

నీ ఉత్తరం చదివాను. చాలాసార్లు చదివాను.

మెమో ఇంకా చేతికి రాలేదు. కాలేజీకి వచ్చాక చెబుతామన్నారు. ఇక్కడ వానలు మొదలయ్యాయి. పెరడంతా బురద, నానమ్మ జారుతుందని పట్టాలు పరిచాము. ఈ వానల్లో కూడిక పెడితే జనం ఎక్కడ కూర్చుంటారు? ఇప్పుడు వద్దు. అందరికీ పెడతారని మనమూ పెట్టాలా? ఫ్లెక్సీ కూడా వద్దు. నాకు ఫొటోలో మొహం బాగుండదు.

ఇంకో మాట. నువ్వు తొందరపడి మేడంతో ఖలాస్ అనవలసింది కాదు. నువ్వు ఇప్పుడే రావద్దు. నా గురించి బెంగ పెట్టుకోవలసిన పనేమీ లేదు. నేను అలవాటు పడిపోయాను. నానమ్మ ఉంది, పిన్ని ఉంది. ఇంకో ఏడాది ఉండి వస్తే నీకే మంచిది. నర్సింగ్‌లో చేరినా నేను హాస్టల్లోనే ఉంటాను కదా, నువ్వొచ్చి ఇక్కడ ఏం చేస్తావు?

వీరవేణి షెడ్డుకి వెళ్ళడం మొదలుపెట్టింది. ఐసు నీళ్ళకి చేతులు నానిపోయి తెల్లగా అయ్యాయని ఫొటో పెట్టింది. అయినా నవ్వుతూనే ఉంది.

ఉంటాను.
పింకీ.


కువైట్,
1 జూలై 2022, శుక్రవారం.

పింకీకి,

నీ ఉత్తరం అందింది. నువ్వు రాసింది బాగానే ఉంది. నేనొచ్చి ఏం చేస్తాను? నిజమే. నాకు వచ్చిన పని ఇంకొకరి ఇల్లు తుడవడమే కదా.

నీ టెన్త్‌లో వద్దామంటే రాలేకపోయాను. నువ్వు పెద్దదానివయ్యాక నీ బట్టల కొలత కూడా నాకు తెలీదు, పిన్నిని అడిగి పంపుతున్నాను. అలవాటు పడిపోయానన్నావు. పడిపోతారు. తప్పు నీది కాదు.

ఒక్కటి అడుగుతాను, నిజం చెప్పు. ఎవరైనా ఉన్నారా? ఫోన్ దగ్గరికి రావు, ఫ్లెక్సీ వద్దంటావు, అమ్మ వద్దంటావు. ఫెలోషిప్‌లో ఒకావిడ కూతురు కూడా ముందు ఇలాగే రావద్దంది, తర్వాత తెలిసింది. నేను రాకపోతే నీకు తేలికగా ఉంటుందనే కదా రావద్దంటున్నావు? అవన్నీ ఆలోచించుకుంటూ కూరలో ఉప్పు రెండుసార్లు వేశాను. మేడం గిన్నె నా ముందే పారబోసింది.

కూడిక మాత్రం ఆగదు. అయ్యగారికి మాటిచ్చాను. దేవుడికి చెప్పిన మాట నీకోసం మార్చుకోలేను. ఆ రోజు తల దువ్వుకుని నిలబడు, చాలు.

మేడంకి ఏం చెప్పాలో నేను చూసుకుంటాను. వచ్చే శుక్రవారం పండగ వంటలకి నన్ను ఉంచేస్తారు, ఫోన్ ఇవ్వరు. ఎదురుచూడకు.

హేమ.


మలికిపురం,
11 జూలై 2022, సోమవారం.

అమ్మా,

నువ్వు కింద "మీ అమ్మ" అని రాయకుండా హేమ అని రాశావు. ఆ ఒక్క మాట చూసి అన్నం మానేశాను.

ఎవరూ లేరమ్మా. నేను ఫిజిక్స్ తప్పాను.

మొత్తం చెబుతాను, ఆపకుండా చదువు. రిజల్టు వచ్చిన రోజు నేను, వీరవేణి నెట్ సెంటర్‌కి వెళ్ళి చూసుకున్నాం. ఇద్దరం తప్పాం. ఇంటికి నడిచి వచ్చేసరికి నానమ్మ వీధి గుమ్మంలో నిలబడి అందరికీ చెప్పేస్తోంది, "మా పింకీ పాసండి" అని. టీవీలో ఇంటర్ ఫలితాలు విడుదల అన్నారట. పోయిన రెండేళ్ళూ అలా చెప్పినప్పుడు అందరూ పాసే కదా. నానమ్మకి రిజల్టు అంటే పాసే. "ఎంతొచ్చింది" అని కూడా అడగలేదు. నా బుగ్గలు పట్టుకుని ముద్దు పెట్టుకుంది. అప్పుడు చెప్పాల్సింది. చెప్పులు విడిచి లోపలికి వెళ్ళిపోయాను. శుక్రవారం నువ్వు ఫోన్ చేసినప్పుడు నేను స్నానాల గదిలో కుళాయి తిప్పి ఊరికే కూర్చున్నాను. నానమ్మ నీతో ఏం చెబుతోందో వినపడుతూనే ఉంది.

తర్వాత నీ ఉత్తరం వచ్చింది, మేడంకి చెప్పేశానని, ఏడ్చేశానని. అది చదివాక ఇంకా భయం వేసింది. పాసైతే వస్తానన్నావు. నేను పాస్ కాలేదు. తప్పిన విషయం దాచి నిన్ను రప్పించుకుంటే దొంగతనం చేసినట్టే కదా అనిపించింది. చెబితే నువ్వు అందరిలో తలదించుకోవాలి. అందుకని రావద్దని రాసేస్తే చాలు, ఆగస్టులో సప్లిమెంటరీ రాసి పాసయ్యాక రమ్మంటాను అనుకున్నాను. అలవాటు పడిపోయానని రాసింది అబద్ధం. నేనేమీ అలవాటు పడలేదు. నీ పాత చీర ఒకటి నా దిండు గలీబు కింద ఉంది, పిన్ని ఉతుకుతానంటే ఇవ్వను.

నిన్న కూడిక జరిగింది. ముందురోజే బాబాయి సెంటర్లో ఫ్లెక్సీ కట్టేశాడు. నా టెన్త్ ఫొటో, కింద "కాబోయే నర్సు" అని. విరబూసిన గులాబీలు నా నెత్తి మీద. ఆ దారిన వెళ్ళాలంటే ప్రాణం పోయింది. వరండా నిండా జనం వచ్చారు. పాటలయ్యాక అయ్యగారు "పాప వచ్చి దేవుడు చేసిన మేలు చెబుతుంది" అన్నారు. లేచాను. నానమ్మ ముందు వరసలో కుర్చీ వేసుకుని నన్నే చూస్తోంది. నువ్వు చెప్పినట్టే దిక్కులు చూడలేదు.

"అయ్యగారూ, నేను ఫిజిక్స్ తప్పేనండి" అన్నాను.

వెనక వంటల దగ్గర నుంచి పిన్ని గరిటెతోనే తొంగి చూసింది.

"అదేంటే, ఈ ఏడు అందర్నీ పాస్ చెయ్యలేదా?" అంది నానమ్మ.

"ఈ ఏడు పరీక్ష పెట్టేరు నానమ్మా."

"మరి టీవీలో చెప్పేరు కదే."

"రిజల్టు వచ్చిందని చెప్పేరు. పాసని చెప్పలేదు."

నానమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, "నేనే కదమ్మా హేమకి చెప్పేను. అయ్యో, నేనే చెప్పేను" అని నాలుగుసార్లు అంది. అయ్యగారు బైబిలు మూశారు. "ఆయ్. సరేనమ్మా. తప్పింది తప్పేవు, లేచి చెప్పేవు కదా. సప్లిమెంటరీ కోసం ప్రార్థన చేద్దాం" అన్నారు. అప్పుడు మార్తమ్మ గారు లేచి, "మా విజయకుమార్ కూడా తప్పేడండి. ఎవరికీ చెప్పలేదండి. వాడి గురించి కూడా చెయ్యండి" అన్నారు. విజయకుమార్ స్తంభం వెనక్కి వెళ్ళిపోయాడు. ఇంకో ఇద్దరు అమ్మలు కూర్చున్నచోట నుంచే చేతులు ఎత్తారు.

అందరూ పలావు తిన్నారు. బాగుందన్నారు. నాకే మింగుడు పడలేదు. సాయంత్రం బాబాయి ఫ్లెక్సీ విప్పి తెచ్చి కొబ్బరి డొక్కల మీద వాన పడకుండా కప్పాడు.

అమ్మా, నేను తప్పాను. చదివితే వస్తుందో రాదో కూడా చెప్పలేను. మొన్న మోడల్ పేపర్ ముందు పెట్టుకుంటే మళ్ళీ అన్నీ ఎక్కడో చూసినట్టే ఉన్నాయి, ఒక్కటీ గుర్తు రాలేదు. నువ్వు రాకపోయినా సరే అని మాత్రం ఇక రాయలేను. నువ్వు వచ్చెయ్. పాసై రమ్మనడం నావల్ల కాలేదు, తప్పాకే రమ్మంటున్నాను.

నీ పింకీ.


కువైట్,
15 జూలై 2022, శుక్రవారం.

నా తల్లికి, అమ్మ రాస్తున్నది,

ఇవాళ పొద్దున్న మేడం సొరుగు తీసి ఫోన్ చేతిలో పెట్టింది. నీ ఉత్తరం సోమవారం నుంచీ ఆ సొరుగులోనే ఉంది. నేను రోజూ ఆ సొరుగు పైన దుమ్ము తుడిచాను.

నిన్న గురువారం నా అకామా కొట్టించేశారు. మేడం కొడుకు కుర్చీలో కూర్చునే ఫోన్‌లో ఫీజు కట్టేశాడు. ఏం హేమా, ఖలాసా, ఉంటావా అని ఆవిడ అడిగితే ఉంటానని నేనే తలూపాను. నా కూతురికి నేను అక్కరలేదు, ఇక్కడైనా అక్కరకొస్తాను అనుకున్నాను. ఒక్కరోజు ఆగి ఉంటే. ఇప్పుడు వద్దంటే వినరు. ఇంకో ఏడాది.

ముందు నీ మీద కోపం వచ్చింది. ఆ వెంటనే, పలావు వండించి, ఊరందర్నీ పిలిచి, అంత దూరంలో నిన్ను ఒక్కదాన్నీ నిలబెట్టినందుకు నా మీద నాకు కోపం వచ్చింది. తర్వాత బాత్రూంలోకి పోయి ఏడ్చాను. నువ్వు కుళాయి తిప్పుకున్నావే, నేనూ అదే చేశాను. చిన్నది తలుపు కొడుతూనే ఉంది.

ఫిజిక్స్ తప్పితే తప్పావు. అది నాకు కష్టంగానే ఉంది, లేదని అబద్ధం చెప్పను. నర్సు తల్లిని అనిపించుకోవాలని ఆశపడ్డాను. ఇవాళ ఫెలోషిప్‌లో లేచి, పోయిన నెల చెప్పింది తప్పండి, మా అమ్మాయి ఒక సబ్జెక్టు పోయింది, నేను కూడా ఉండిపోతున్నాను అని చెప్పాను. ఆ నర్సమ్మ మళ్ళీ వచ్చింది. తను మొదటి ఏడు రెండు తప్పిందట. నువ్వు ఒప్పుకుంటే శుక్రవారాలు ఫోన్‌లో నీకు చెబుతానంది. ఫిజిక్స్ ఆవిడకీ అంత రాదట. ఇద్దరూ కలిసి నేర్చుకోండి.

నానమ్మని ఏమీ అనకు. ఆవిడ చెప్పింది నేను నమ్మాను, ఎందుకంటే నాకు అదే కావాలి. వీరవేణిని కూడా షెడ్డు నుంచి వచ్చాక కూర్చోబెట్టుకో, అదీ పరీక్ష కట్టిందో లేదో అడుగు. రోజూ కాగితం మీద రాయి. చూసి చదవడం కాదు, చెయ్యి నొప్పెట్టేలా రాయి. పరీక్ష రోజు పొద్దున్న ఫోన్ చెయ్యి, ఆ ఒక్కరోజుకి మేడం కాళ్ళు పట్టుకునైనా ఫోన్ అడుగుతాను. స్పీకర్ పెట్టు. అందరూ వింటే విననీ.

పాసైతే వస్తానని అన్నాను. అలా అనకూడదు. వచ్చే జూలైకి నేను వస్తాను. నువ్వు పాసై ఉన్నా, మళ్ళీ తప్పినా, షెడ్డులో రొయ్యలు వలుస్తున్నా సరే వస్తాను. ఈ ఏడాదిలో నా మీద కోపం వస్తే తిట్టు. భయం వేస్తే ఏడువు. నాకు రావద్దని మాత్రం ఇంకెప్పుడూ రాయకమ్మా, నేను నిజమనుకుంటాను.

మీ అమ్మ.